బీరువాలో లేని కథ

1898లో ప్యూర్టోరికో ద్వీపము స్పెయిను చేతినుండి అమెరికా వశమయ్యెను. 1917లో ద్వీపవాసులకు అమెరికా పౌరసత్వము లభించెను. పిదప బ్రతుకుతెరువు కొరకు ఓడలెక్కి న్యూయార్కు చేరినవారు పెక్కురు. హార్లెము పేటలో కాపురములు పెట్టిరి. పౌరులైతే అయిరి గాని వారి పలుకు స్పానిషు. పేటలోని గ్రంథాలయము ఆంగ్లము తెలిసినవారిదే యని తలచి గడప త్రొక్కుటకు సంకోచించినవారు అనేకులు.

135వ వీథి శాఖను నడుపుచున్న ఎర్నెస్టీన్ రోజ్ ఈ కొరతను గుర్తించి, 1921లో ప్యూరా బెల్‌ప్రే అను యువతిని సహాయకురాలిగా నియమించెను. ప్యూర్టోరికోలోని సిద్రా ఆమె జన్మస్థలము.

పిల్లల విభాగమున దేశదేశముల జానపద కథలు కలవు. తన అమ్మమ్మ చెప్పిన కథ మాత్రము ఒక్కటియు బెల్‌ప్రేకు కానరాలేదు. పిల్లలకు చెప్పుదమన్న నియమము అడ్డు: గ్రంథాలయమున అచ్చైన కథనే చెప్పవలెను. నియమము సదుద్దేశముతో పెట్టినదే కావచ్చును. కాని ఎవరి కథలు అచ్చుకెక్కలేదో వారి బిడ్డలకు అది మూసిన తలుపే గదా! ఆమె ప్రత్యేకానుమతి పొంది, తాను వ్రాసికొనిన కథను చెప్పసాగెను. మార్టినా యను బొద్దింక, వచ్చిన వరులనెల్ల కాదని పెరెజ్ అను ఎలుకను పెండ్లాడును. పండుగకు ఆమె వండిన పరమాన్నము రుచిచూడబోయి పెరెజ్ కాగులో పడి మరణించును. పేదరాశి పెద్దమ్మ కథలు విన్నవారికి ఇట్టి పెండ్లియు, ఇట్టి ఏడుపును క్రొత్తవి గావు. 1932లో ఈ కథ పుస్తకరూపమున వెలువడెను. అమ్మమ్మ నోటిమాటకు బీరువాలో చోటు దొరికెను.

అప్పటికే, 1929లో, బెల్‌ప్రే 115వ వీథి శాఖకు మారియుండెను. ప్యూర్టోరికో కుటుంబములు ఆ వైపున హెచ్చుచుండుటయే కారణము. అచ్చట రెండు భాషలలోను కథలు చెప్పెను, బొమ్మలాటలాడించెను. జనవరి 6వ తేదీన వచ్చు ముగ్గురు రాజుల పండుగను గ్రంథాలయముననే జరిపించెను. పాఠకులు వత్తురని కూర్చుండక, సంఘములకును చర్చీలకును తానే వెళ్ళెను. ఆమె కృషిలో కెల్ల ఇదియే మేలైన భాగము.

1943లో వివాహానంతరము కొలువు మానినను, 1960 తరువాత తిరిగివచ్చి దక్షిణ బ్రాంక్సు పేటలో అదే పని చేసెను.

ఒక ఉద్యోగిని ఓర్పుపై నడిచిన ఈ పనిని గ్రంథపాలకులు సంఘముగా చేపట్టుటకు అర్ధశతాబ్దము పట్టెను. స్పానిషు ప్రజలకు గ్రంథాలయసేవలు పెంపొందింపవలెనని 1971లో ఆర్నుల్ఫో ట్రెహో మున్నగువారు 'రిఫార్మా' సంఘమును స్థాపించిరి. బెల్‌ప్రే 1982లో కన్నుమూసెను. లాటినో జీవితమును చిత్రించు బాలసాహిత్యమునకు 1996 నుండి ఆమె పేర బహుమతి యిచ్చుచున్నారు.