ఆ దూరదర్శన్ కామెడీలు ఇప్పుడెక్కడ? మీ అటక మీది పాత క్యాసెట్‌లోనే ఉండొచ్చు!

యాంటెనా తిప్పుకుంటూ చూసిన రోజులు గుర్తున్నాయా? వీధిలో ఒకరింట్లో టీవీ ఉంటే చాలు, సాయంత్రం అయ్యేసరికి వాకిలి నిండిపోయేది. అప్పట్లో పడిపడి నవ్విన కామెడీ ఎపిసోడ్ ఏదో ఒకటి అందరికీ మనసులో ఉంటుంది. ఇప్పుడు ఫోన్ తీసి వెతికితే మాత్రం దొరకదు. సీడీ షాపులో అడిగినా లేదు, ఓటీటీలో చూసినా లేదు. దూరదర్శన్ రోజుల తెలుగు కార్యక్రమాల్లో చాలా భాగం అసలు మార్కెట్లోకే రాలేదు మరి.

అలాంటి ఎపిసోడ్లు ఏమైపోతాయి? వాటిని వెతకడం ఎలా? ఖమ్మం, భద్రాచలం ఏరియా వాళ్లు ఈ విషయంలో ఎందుకు తొందరపడాలి? ఆ వివరాలు చూద్దాం.

అసలు ఎందుకు మాయమయ్యాయి?

దూరదర్శన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబర్ 23న వచ్చింది. మొదట్లో చాలా కార్యక్రమాలు లైవ్‌లోనే వెళ్లిపోయేవి. రికార్డు చేసినా వీడియో టేపు బాగా ఖరీదు. ఒకసారి ప్రసారం అయ్యాక అదే టేపు మీద ఇంకో ప్రోగ్రాం రికార్డు చేసుకోవడం అప్పట్లో ప్రపంచమంతా మామూలే. ఇంట్లో వీసీఆర్ పెట్టుకుని జనం మళ్లీ మళ్లీ చూస్తారని, ఫోన్లో చూసే రోజు వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

పోయినవాటిలో కామెడీ వాటా ఎక్కువ. వార్తలు, పెద్ద నాయకుల ప్రసంగాలు చరిత్ర అని పక్కన పెట్టేవాళ్లు. కామెడీని మాత్రం ఆ పూటకి నవ్వుకోవడానికే అనుకునేవాళ్లు.

ఆనందో బ్రహ్మ, అమృతం: రెండు రకాల కథ

తెలుగు టీవీ కామెడీ అనగానే పాత తరం చెప్పే మొదటి పేరు 'ఆనందో బ్రహ్మ'. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ధర్మవరపు సుబ్రహ్మణ్యానికి ఇంటింటా పేరు తెచ్చింది దూరదర్శన్‌లో వచ్చిన ఈ సీరియలే. తర్వాత ఆయన సినిమాల్లో బిజీ అయ్యారు. 'నువ్వు నేను'లో లెక్చరర్ పాత్రని ఇప్పటికీ మీమ్స్‌లో చూస్తున్నాం. 2013 డిసెంబర్ 7న ఆయన కన్నుమూశారు. సినిమా సీన్లు ఫోన్లో క్షణంలో దొరుకుతాయి. టీవీ రోజుల పనిని మొదటి నుంచి చివరి దాకా వరసగా చూడాలంటే మాత్రం అంత తేలిక కాదు.

దీనికి పూర్తి రివర్స్ 'అమృతం'. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నవంబర్‌లో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబర్ దాకా 313 ఎపిసోడ్లు నడిచింది. టేపులు నిర్మాతల దగ్గర భద్రంగా ఉండటంతో యూట్యూబ్‌లోకి వచ్చేసింది. సీరియల్ వచ్చినప్పుడు పుట్టని పిల్లలు కూడా ఇవాళ అంజి, అమృతరావు డైలాగులు చెబుతున్నారు.

రెండూ జనం మెచ్చినవే. తేడా అంతా టేపు ఎవరి చేతిలో మిగిలింది అన్న దగ్గరే ఉంది.

యుద్ధం మీద కామెడీ... దానికీ ఇదే గతి

ఈ విషయంలో ప్రపంచంలో అందరూ చెప్పుకునే కేసు బ్రిటన్‌ది. పేరు 'డాడ్స్ ఆర్మీ'. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సేన దిగుతుందన్న భయంతో 1940 మేలో బ్రిటన్ ప్రభుత్వం ఊరూరా వాలంటీర్లను పిలిచింది. వాళ్లే హోం గార్డ్. మన పోలీసు శాఖలో ఉండే హోంగార్డులు వేరు, వీళ్లు వేరు. సైన్యంలోకి వెళ్లలేని ముసలివాళ్లు, కుర్రాళ్లు, దుకాణదారులే ఇందులో ఎక్కువ. తుపాకులు కూడా సరిగ్గా లేని ఈ దళం మీద జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ రాసిన కామెడీ ఇది. బీబీసీలో 1968 నుంచి 1977 దాకా 80 ఎపిసోడ్లు వచ్చాయి. బ్యాంకు మేనేజర్ ఉద్యోగం చేస్తూ దళానికి కెప్టెన్ అయిపోయిన మెయిన్‌వారింగ్ పాత్రలో ఆర్థర్ లోవ్ జీవించేశారు.

ఇంత హిట్ అయినా రెండో సీజన్‌ని బీబీసీ కాపాడుకోలేకపోయింది. 1969లో బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చిన ఆ ఆరు ఎపిసోడ్లలో ఐదు పోయాయి. తర్వాత రెండు దొరికాయి. మిగతా మూడు పూర్తి వీడియో రూపంలో ఇప్పటికీ లేవు. వాటి పేర్లు 'ద లోన్లీనెస్ ఆఫ్ ద లాంగ్ డిస్టెన్స్ వాకర్', 'ఎ స్ట్రైప్ ఫర్ ఫ్రేజర్', 'అండర్ ఫైర్'. ఎంత డబ్బు పెట్టి డీవీడీ సెట్ కొన్నా అసలు ప్రసారమైన ఆ మూడు ఎపిసోడ్లు అందులో ఉండవు.

దొరికినవి ఎక్కడ దొరికాయి?

ఆ రెండు ఎపిసోడ్లు ఏ ఆర్కైవ్‌లోనూ దొరకలేదు. 1970ల్లో ఎల్‌స్ట్రీ స్టూడియో దగ్గర చెత్తలో పడేసిన ఫిల్ములను ఒకరు తీసి ఇంటికి తీసుకెళ్లారు. అవి ఏళ్ల తరబడి తోటలోని షెడ్‌లో పడి ఉన్నాయి. చివరికి 2001లో బీబీసీకి చేరాయి.

'ఎ స్ట్రైప్ ఫర్ ఫ్రేజర్' కథ ఇంకో రకం. బొమ్మ దొరకలేదు గానీ ధ్వని మాత్రం 2008లో దొరికింది. ఆ సౌండ్ మీద యానిమేషన్ చేసి 2016లో విడుదల చేశారు. స్క్రిప్టులు మిగిలి ఉండటంతో 2019లో ఆ మూడు ఎపిసోడ్లనూ కొత్త నటులతో మళ్లీ తీశారు.

2013లో ఇంకో సంచలనం. 'డాక్టర్ హూ' సీరియల్‌లో పోయాయనుకున్న తొమ్మిది ఎపిసోడ్లు నైజీరియాలో బయటపడ్డాయి. ప్రసారం కోసం విదేశాలకు పంపిన కాపీలు అక్కడే ఉండిపోయాయి.

వీటిని బట్టి మనకి తెలిసేది మూడు విషయాలు. ఆఫీసులో లేనిది ఇంట్లో ఉండొచ్చు. బొమ్మ లేకపోయినా ధ్వని దొరికితే అదీ విలువైనదే. స్క్రిప్టు కాగితం కూడా పారేయకూడదు.

భద్రాచలం ఏరియాలో తొందర ఎందుకు?

మొదటి కారణం గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకి చేరింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు దాటేసరికి కాలనీలకు కాలనీలు మునిగాయి. ఇల్లు కడుక్కునే హడావిడిలో ముందు బయట పడేసేది తడిసిన అట్టపెట్టెల్నే. వాటిలోనే పాత క్యాసెట్లు ఉంటాయి.

రెండోది పోలవరం ముంపు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకు ఊళ్లు పునరావాస కాలనీలకు మారాల్సిన పరిస్థితి. ఇల్లు మారేటప్పుడు మంచం, బీరువా తీసుకెళ్తారు. పనికిరాదనుకున్న పాత డబ్బా వదిలేస్తారు.

మూడోది క్వార్టర్లు. అప్పట్లో పల్లెల్లో ఎక్కువగా అద్దెకి తెచ్చుకునే డెక్కు అంటే వీసీపీ. అది సినిమా వేసి చూడటానికే, అందులో రికార్డింగ్ ఉండదు. టీవీ ప్రోగ్రాం రికార్డు చేయాలంటే వీసీఆర్ కావాలి. అది కొనే స్తోమత నెల జీతం ఉన్నవాళ్లకే ఉండేది. అంటే కొత్తగూడెంలో సింగరేణి, పాల్వంచలో కేటీపీఎస్, సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం. అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి క్యాసెట్లు దొరికే ఛాన్స్ ఎక్కువ. ఆ తరం రిటైర్ అయ్యి క్వార్టర్లు ఖాళీ చేసేసింది.

వీటన్నిటికీ తోడు టేపుకే ఆయుష్షు తక్కువ. డిజిటల్‌లోకి మార్చని మాగ్నెటిక్ టేపులు 2025 తర్వాత చాలావరకు చేజారినట్టేనని 2019లోనే యునెస్కో కార్యక్రమం, సౌండ్ ఆర్కైవ్‌ల అంతర్జాతీయ సంఘం కలిసి హెచ్చరించాయి. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలోనే ఉత్పత్తి ఆపేసింది. టేపు బాగున్నా వేసి చూసే మెషీన్ దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది.

వెతకడం ఎలా? స్టెప్ బై స్టెప్

1. ముందు గుర్తున్నవి రాసుకోండి. నటుల పేర్లు, ఒక డైలాగు, ఏ రోజు ఏ టైంకి వచ్చేది, అప్పుడు మీరు ఎన్నో తరగతి. సంవత్సరం తేల్చడానికి ఇవే ఆధారం. పేరు తప్పు గుర్తుండొచ్చు, అందుకే ఇంట్లో ఇంకో ఇద్దర్ని అడగండి.

2. లైబ్రరీకి వెళ్లండి. పాత దినపత్రికల్లో ఆ రోజు టీవీ, రేడియో కార్యక్రమాల పట్టిక వచ్చేది. జిల్లా గ్రంథాలయంలో పాత సంపుటాలు ఉంటే సీరియల్ పేరు, తేదీ పక్కాగా తెలుస్తాయి.

3. పెళ్లి క్యాసెట్లు చివరి దాకా చూడండి. మూడు గంటల క్యాసెట్‌లో పెళ్లి రెండు గంటలే ఉంటే మిగతా టేపులో టీవీ రికార్డు చేసుకున్నవాళ్లు ఉన్నారు. పైన లేబుల్ మీద ఉన్నది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి కావొచ్చు.

4. ఆడియో క్యాసెట్లూ వదలొద్దు. వీసీఆర్ లేనివాళ్లు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసుకునేవాళ్లు. రేడియోలో ఉషశ్రీ భద్రాద్రి కల్యాణ వ్యాఖ్యానాన్ని ఇలా దాచుకున్న ఇల్లు ఉంటే, అదే పెట్టెలో ఇంకేముందో చూడటం మంచిది.

5. యాడ్స్ కట్ చేయకండి. ఎపిసోడ్ మధ్యలో వచ్చే ప్రకటనలు, వార్తల ముక్క, ఛానల్ లోగో చూసి అది ఏ ఏడాదిదో చెప్పొచ్చు.

క్యాసెట్ దొరికితే ఈ తప్పులు చేయొద్దు

వెంటనే ప్లేయర్‌లో పెట్టేయకండి. లోపల టేపు అంచున తెల్లగా పొడిలా కనిపిస్తే అది బూజు. వేశారంటే టేపు తెగడమే కాదు, మెషీన్ హెడ్‌కి అంటుకుని తర్వాత వేసే క్యాసెట్లకూ పాకుతుంది. బూజు పట్టినవి విడిగా కవర్లో పెట్టండి, ముట్టుకునేటప్పుడు మాస్క్ వేసుకోండి.

వరద నీటిలో తడిసినదాన్ని ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. వేడికి టేపు ముడుచుకుపోతుంది. రివైండ్ కూడా చేయొద్దు. నీడలో చల్లటి చోట ఉంచి, క్యాసెట్లు డిజిటల్‌లోకి మార్చే పని తెలిసినవాళ్లకి వీలైనంత త్వరగా చూపించండి.

బాగున్న క్యాసెట్ వెనుక అంచున ఎడమ పక్క చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే పొరపాటున మళ్లీ రికార్డు అయ్యే ప్రమాదం ఉండదు. డిజిటల్ చేయించాక కూడా అసలు క్యాసెట్‌ని పారేయకండి. కాపీని రెండు చోట్ల దాచుకోండి.

దూరదర్శన్‌ని అడగొచ్చా?

తప్పకుండా అడగొచ్చు. దూరదర్శన్‌ని నడిపేది ప్రసార భారతి. అది సమాచార హక్కు చట్టం కిందకి వస్తుంది. ఫలానా సీరియల్ టేపులు ఉన్నాయా, ఎన్ని ఎపిసోడ్లు, డిజిటల్ చేశారా అని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు 10 రూపాయలు. దరఖాస్తు తెలుగులో రాసినా చట్ట ప్రకారం చెల్లుతుంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'ఆ పాత కామెడీ' అని రాస్తే ఉపయోగం లేదు. పేరు, ఏడాది, నటులు రాయాలి. పైన చెప్పిన మొదటి రెండు స్టెప్పులు ఇక్కడే పనికొస్తాయి.

అడిగే జనం ఉన్నారని తెలిస్తే పాత టేపులకి మళ్లీ రోజులొస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో 'రామాయణ్' మళ్లీ వేస్తే దేశమంతా కూర్చుని చూసింది. 2024 నవంబర్‌లో ప్రసార భారతి 'వేవ్స్' పేరుతో సొంత ఓటీటీ కూడా తెచ్చింది. అంటే చూపించడానికి వేదిక ఉంది, అందులో పెట్టడానికి ఎపిసోడ్ దొరకాలి.

మన దగ్గరున్నది యూట్యూబ్‌లో పెట్టేయొచ్చా?

ఇక్కడ జాగ్రత్త అవసరం. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసారం మీద ఛానల్ హక్కు 25 ఏళ్లు. అది అయిపోయింది కదా అనుకోవద్దు. ఎపిసోడ్ వీడియో మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఇంట్లో చూసుకోవడం వేరు, లోకానికి పెట్టడం వేరు. దొరికినదాన్ని ముందు దూరదర్శన్ కేంద్రానికి గానీ, ఆ కార్యక్రమం తీసినవాళ్ల కుటుంబానికి గానీ తెలియజేయడం మంచి పద్ధతి. వాళ్ల దగ్గర కూడా లేని కాపీ మీ దగ్గర ఉండొచ్చు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. టేపు ఏటా కొంచెం కొంచెం పాడవుతూనే ఉంటుంది. గోదావరి ఏటా పెరుగుతుంది. వచ్చే వానాకాలం లోపు ఒకసారి అటక ఎక్కి ఆ పెట్టె కిందకి దించి చూడండి.