ఇంటి చెత్త: నియమాలు, నిధులు

ఇంటి వ్యర్థాలను తిరిగి వాడుకలోకి తేవడం ప్రభుత్వ విధానం కాకముందే, పాత కాగితాలు, సీసాలు, ఇనుము కొనే వీధి వ్యాపారులూ, చెత్తకుప్పల్లో ఏరుకొని బతికే పేదలూ ఏ గ్రాంటూ లేకుండానే భారతీయ పట్టణాలలో ఆ పనిని సాగించారు. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం పర్యవసానంగా, 2000లో పురపాలక ఘనవ్యర్థాల నియమాలు, అంటే ఊరి చెత్త సేకరణకూ శుద్ధికీ సంబంధించిన తొలి జాతీయ నిబంధనలు, వెలువడి బాధ్యతను పురపాలక సంఘాలపై మోపాయి గాని, అందుకు తగిన డబ్బును వెంట తేలేదు. ఆ లోటును కొంత పూడ్చే ఉద్దేశంతో పన్నెండవ ఆర్థిక సంఘం, 2005-10 కాలానికి పట్టణ సంస్థలకు సిఫారసు చేసిన 5,000 కోట్ల రూపాయలలో కనీసం సగం ఘనవ్యర్థాల నిర్వహణకు కేటాయించాలన్నది. అయితే కూర మెతుకులతో తడిసిన కాగితాన్ని కొనేవారుండరు కనుక, అసలు పని గడప లోపలే మొదలు కావాలి. దీనిని ముందుగా గుర్తించిన పట్టణాలలో సూర్యాపేట ఒకటి. అక్కడి పురపాలక సంఘం 2000 దశకపు తొలి సంవత్సరాలలోనే తడి, పొడి చెత్తలను ఇంటింటా వేరుగా సేకరించి, తడిదానితో వానపాముల ఎరువు చేయించి, వీధి కుండీలను తొలగించింది. 2016 నాటి కొత్త నియమాలు ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలను మూడవ వర్గంగా చేర్చడమే కాక, అంతవరకు విధానాలు పట్టించుకోని చెత్త ఏరేవారిని ఈ వ్యవస్థలో భాగం చేయాలని, ఎంతో ఆలస్యంగానైనా, ఆదేశించాయి.