ప్రయోగప్రమాణము - శోధనయంత్రముల సాక్ష్యము

ఒక పదబంధము సాధువా కాదా యను సందేహము కలిగినపుడు ప్రయోగమును చూపుట మన పండితుల పద్ధతి. లక్షణమునకు లక్ష్యము తోడు కావలెను. ఆ లక్ష్యమునకు కర్త యెవరో, గ్రంథ మేదో, స్థల మెక్కడిదో తెలియవలెను. నేడు పరిశోధక విద్యార్థులు పలువురు ఈ పనిని సెర్చ్ ఇంజనుకు, అనగా శోధనయంత్రమునకు, అప్పగించుచున్నారు. పదబంధమును ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచి వెదకుట, యంత్రము చూపిన సంఖ్యను బట్టి తీర్పు చెప్పుట పరిపాటి యైనది. ఈ సంఖ్యకు ప్రమాణత్వము కలదా యనునది విచార్యము. అందులకు ముందుగా ప్రయోగసేకరణము నడచివచ్చిన త్రోవను స్మరింపవలసియున్నది.

ఐరోపాలో పదానుక్రమణికలు మతగ్రంథపఠనమునకై పుట్టినవి. 1230 ప్రాంతమున పారిసులో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ పర్యవేక్షణమున లాటిను బైబిలునకు అట్టి పట్టిక సిద్ధమైనది. ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువునకై జేమ్స్ మర్రే 1879లో పాఠకలోకమునకు విజ్ఞప్తి చేయగా, వేలకొలది చీటీలు వచ్చి చేరినవి. ఒక్కొక్క చీటీపై పదము, వాక్యము, కర్త పేరు, కాలము ఉండవలెనని నియమము. ఆ నిఘంటువు తొలిభాగము 1884లో వెలువడి, కడపటి భాగము 1928లో పూర్తియైనది. మనకును 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము, 1936లో ప్రథమసంపుటము వెలువడిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు కవిప్రయోగములను ఆధారము చేసికొన్నవే. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన వృత్తిపదకోశము గ్రంథములను విడిచి వ్యవసాయదారుల నోటి మాటను సేకరించినది. మార్గములు వేరైనను సూత్ర మొక్కటియే: సాక్షి యెవరో తెలియని సాక్ష్యము చెల్లదు.

గణకయంత్రము వచ్చిన పిమ్మటను మొదట ఈ సూత్రము చెడలేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయమున నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా అనువారు 1961లో అమెరికాయందు అచ్చయిన రచనల నుండి, ఒక్కొక్కటి సుమారు 2000 మాటలు గల 500 భాగములను ఎన్నుకొని, పది లక్షల మాటల భాషాసంచయమును 1964 నాటికి సిద్ధపరచిరి. ఏ భాగము ఏ గ్రంథమునుండి వచ్చినదో, ఏ సాహిత్యశాఖకు చెందినదో అందు స్పష్టము.

1995లో ఆల్టావిస్టా, 1998లో గూగుల్ సంస్థ రంగప్రవేశము చేయుటతో స్థితి మారినది. ఈ యంత్రములు కోరిన పుటను చూపుటకై నిర్మింపబడినవి గాని మాటలను లెక్కించుటకు గాదు. అవి చూపు సంఖ్య అంచనా మాత్రమే. లక్షలని చెప్పిన ఫలితములను కడదాక తిరుగవేసినచో కంటికి కనబడునవి కొన్ని వందలకు మించవు. ఒకే వ్యాసము పది చోట్ల నకలైనచో పది సాక్ష్యము లైనట్లు తోచును. ఫ్రెంచి భాషావేత్త జాన్ వెరోనిస్ 2005లో ఒక వింతను బయటపెట్టెను: రెండు మాటలలో ఏదైనను ఉన్న పుటలను అడిగినపుడు, వానిలో ఒక్క మాటను అడిగినపుడు వచ్చినదానికంటె తక్కువ సంఖ్య వచ్చినది. లెక్క తెలిసిన బాలుడైనను దీని నంగీకరింపడు. 2007లో ఆడమ్ కిల్గారిఫ్ ఇట్టి సంఖ్యలపై శాస్త్రమును నిలుపరాదని ప్రత్యేకవ్యాసమున వాదించెను.

తెలుగునకు ఈ చిక్కు మరింత యధికము. "అతఁడు ఇట్లనియె" అని వెదకినవానికి "అతఁడిట్లనియె" దొరకకపోవచ్చును. ప్రాచీనముద్రణములలో "అతఁ డిట్లనియె" అని విడిచి యచ్చువేయుటయు కలదు. "కొలను" అని వెదకినచో "చూచెఁ గొలను" అనుచోట సరళాదేశము నొందిన రూపము తప్పిపోవును. అరసున్నయు శకటరేఫమును కొందరు వ్రాసిరి, కొందరు విడిచిరి. యూనికోడు తొలిప్రకటనము (1991)నందే తెలుగునకు చోటు దొరకినను, పిమ్మట పెక్కేండ్లు ముద్రాపకులు తమ తమ ఫాంటుల సంకేతములనే వాడుకొనిరి. అట్లు కూర్చిన పాఠము తెలుగక్షరములతో వెదకినవానికి చిక్కదు. పాతగ్రంథములు పెక్కు చిత్రరూపముననే యున్నవి. కావున "ఫలితములు లేవు" అనుమాట "ప్రయోగము లేదు" అను నర్థము నీయజాలదు. చిత్రమును అక్షరములుగా మార్చినను ప్రమాదము తొలగదు. 2010లో గూగుల్ ప్రకటించిన గ్రంథపదపట్టికలో 1800కు పూర్వపు ఆంగ్లగ్రంథముల పొడుగు సకారము ఫకారముగా చదువబడి, లేని మాటలు లెక్కకెక్కినవి.

ఉన్నదన్నపుడైనను విచారణ ముగియదు. "ప్రాధాన్యత" యను రూపమును గైకొందము. ప్రధానశబ్దముపై భావప్రత్యయము చేరి ప్రాధాన్యము కాగా, దానిపై మరల "త" చేర్చుట పునరుక్తి యని వైయాకరణుల యాక్షేపము. ఈ రూపము పత్రికలలో విరివిగా కనబడును. ఆ వైపుల్యము నేటి వాడుకకు సాక్ష్యమగును, దానిని త్రోసిపుచ్చరాదు. కాని రూపనిష్పత్తిని గాని, అది యెన్నడు ప్రవేశించినదో, ఎవరి రచనలలో మొదట నిలిచినదో గాని సంఖ్య చెప్పదు. పైగా 2011లో గూగుల్ అనువాదయంత్రమున తెలుగు చేరినది మొదలు, మానవు డెవ్వడును వ్రాయని తెలుగు వెబ్బున పెరుగుచున్నది. యంత్రము వ్రాసినదానిని యంత్రమే లెక్కించి చూపగా, దానిని జనవ్యవహార మనుకొనుట ఎట్లు?

శోధనయంత్రమును వర్జింపుమనుట ఈ వ్యాసోద్దేశము గాదు. ఎక్కడ చూడవలెనో చెప్పుటలో అది మేలైన సహాయుడు. దాని సాయమున గ్రంథమును చేరి, ముద్రణమును, సందర్భమును చూచి, సంధిరూపములను వేర్వేరుగా వెదకి, పరిష్కరణములను పోల్చి, కర్తృకాలములతో చీటీ వ్రాసికొనుట పరిశోధకుని విధి. సంఖ్యను మాత్రమే చూపి ఒక మాటను అసాధువని కొట్టివేసినచో, ఒక ప్రాంతపు పలుకుబడియో ఒక కవి ప్రయోగమో అకారణముగా భాషనుండి వెలివేయబడును. తీర్పు చెప్పువారు ముందు సాక్షిని ప్రశ్నింతురుగాక.