మర్ఫా వాద్యబృందం

మర్ఫా: హైదరాబాద్ పాతబస్తీలో, ముఖ్యంగా బార్కస్ ప్రాంతంలో వినిపించే తాళవాద్య సంగీతం. ఆ పేరు గల ఢంకా నుంచే బృందానికీ ఆ పేరు వచ్చింది.

చరిత్ర: నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులు, తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈ సంప్రదాయాన్ని నగరానికి తెచ్చారు. బార్కస్ అనే పేరు సైనికుల ‘బ్యారక్స్’ నుంచి వచ్చిందే. సిద్దీలు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేశారు. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌కు ఆ దళం పేరే మిగిలింది.

వాదనశైలి: డఫ్, ఢోలక్, కర్రలతో మోగించే స్టీలు బిందెలు ప్రధాన వాద్యాలు. రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ చేసే పనిని ఇక్కడ మర్ఫా ఢంకా మంద్రనాదం చేస్తుంది: అది నడకను పట్టి ఉంచితే, బిందెల గలగల దాని మీద పరుగెత్తుతుంది. వాయించే ముందు డఫ్‌ను నిప్పు సెగకు చూపుతారు. చర్మం బిగిసి, దెబ్బ ఖంగున పలుకుతుంది.

ప్రభావం: పెళ్లి బరాత్‌లు దీనికి ప్రధాన వేదిక. మూడు దెబ్బల ‘తీన్‌మార్’ దరువు మతాల గీత దాటి, బోనాలు, గణేశ్ నిమజ్జనం ఊరేగింపుల దాకా పాకింది.