మందు లేదని రాసిన గోడలు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి, పొగ అటు దిక్కు పోతున్నది. చిన్నోడు ఫార్మసీ చదువుతున్నడు గదా, పొద్దున నన్ను అడిగిండు: "తాతా, ఎయిడ్స్ మందు సర్కారు దవాఖానల ఉత్తగ ఇస్తమంటే గూడ మనోళ్లు ఎందుకు పోలేదు? అంత తెలివి లేకుంటుండెనా?" అని. తెలివి లేక కాదు బిడ్డా. అప్పటి జనం సంగతి ఎరుకైతే నువ్వు ఆ మాట అనవు. మొదటి నుంచి చెప్తా, ఇను.

పండ్ల మార్కెట్ ఇటు గడ్డిఅన్నారం దిక్కు వచ్చినంకనే మన మెడికల్ షాపుకు గిరాకి పెరిగింది. ఎండకాలం వచ్చిందంటే మామిడికాయల లారీలు కొత్తపేట రోడ్డు పొంటి లైనుగట్టి ఉంటుండె. నల్లగొండ బత్తాయి, మహారాష్ట్ర ద్రాక్ష, కాశ్మీరు ఆపిల్, అన్ని ఈడ్నే దిగేది. డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు రాత్రి పదకొండు దాటినంక గూడ వచ్చి షట్టరు కొట్టేది. ఒళ్లు నొప్పులకు గోలీ, కాలికి పట్టీ, కడుపు మంటకు ఇంత మందు. కొందరు గిరాకీలంత పోయేదాక పక్కకు నిలవడి, ఆఖరుకు చెవుల చెప్పేది. ఆ చెవుల చెప్పే ముచ్చట్లే నాకు ఎక్కువ యాదికున్నయి.

మన దేశంల ఈ ఎయిడ్స్ వైరసు మొదలు 1986ల మద్రాసుల దొరికింది. సునీతి సోలమన్ అనే డాక్టరమ్మ, ఆమె దగ్గర చదివే నిర్మల అనే పిల్ల, ఇద్దరు కలిసి రక్తం నమూనాలు పట్టి చూసిన్రు. పేపర్ల చదివి అందరు మద్రాసు సంగతి మనకెందుకన్నరు. తర్వాత కొన్నేండ్లకే ఈడ గోడల మీద రాతలు మొదలైనయి. పుర్రె బొమ్మ, దాని కింద రెండు ఎముకలు, దాని పక్కన పెద్ద అక్షరాలు: ఎయిడ్స్‌కు మందు లేదు, నివారణ ఒక్కటే మార్గం. బస్టాండుల అదే, దవాఖాన గోడ మీద అదే, లారీ ఎనుక అదే. చదువురానోనికి గూడ పుర్రె బొమ్మ సమజైతది గదా. ఈ గోడల సంగతి యాదిల పెట్టుకో, మళ్ల వస్తా.

అమెరికల అప్పటికే ఒక మందు వచ్చింది. ఏజెడ్‌టీ అంటరు, జిడోవుడిన్. 1964ల జెరోమ్ హార్విట్జ్ అనే ఆయన క్యాన్సర్ కోసమని తయారుచేసి, పనికి రాలేదని పక్కన పెట్టిండు. ఇరవై ఏండ్ల తర్వాత దాన్నే తీసి ఈ వైరసు మీద చూస్తే పని చేసింది. 1986ల రోగుల మీద పరీక్ష పెట్టిన్రు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త గోలీ. ఉత్త గోలీ మింగినోళ్లల్ల 19 మంది పోయిన్రు, మందు మింగినోళ్లల్ల ఒక్కరే పోయిన్రు. ఇగ పరీక్ష నడిమిట్లనే ఆపి అందరికి మందు ఇచ్చిన్రు, 1987 మార్చిల అమ్మనీకి పర్మిషన్ ఇచ్చిన్రు. మంచి ముచ్చటనే. కని బరోస్ వెల్‌కమ్ కంపెనీ ధర పెట్టిందంటే ఏడాదికి ఎనిమిది, పది వేల డాలర్లు. మోతాదు గూడ ఎక్కువ. నాలుగు గంటలకొకసారి మింగాలె, నడిరాత్రి గూడ లేవాలె, అలారం డబ్బా జేబుల పెట్టుకొని తిరిగేటోళ్లు. కొందరికి రక్తం పడిపోయి, మళ్ల రక్తం ఎక్కియ్యాల్సి వచ్చింది.

తొందరపడి ఇచ్చిన పర్మిషను, కండ్లు తిరిగే ధర, పడని మందు. ఈ మూడు కలిస్తే అనుమానం రాదా? రోగం కంటె మందే చంపుతున్నదన్నరు కొందరు. 1989ల న్యూయార్కుల రోగులు, వాళ్ల దోస్తులు పోయి షేర్ల బజారు లోపల గొలుసులతోని కట్టుకొని లొల్లి చేసిన్రు. కొన్ని దినాలకే కంపెనీ ఐదో వంతు ధర తగ్గించింది. వాళ్లు మందు వద్దని లొల్లి చెయ్యలేదు. మాకు అందేటట్టు చెయ్యిండ్రి, మమ్ములను మనుషుల లెక్క చూడుండ్రి అన్నరు. చిన్నోడా, అనుమానం రెండు తీర్లుంటది. ఒకటి జవాబు అడుగుతది. ఇంకొకటి జవాబు ఇనదు.

ఇప్పుడు మన ఊరి ముచ్చట. మనం కూసున్న గీ కట్ట మీదికెల్లి తార్నాకకు పది కిలోమీటర్లు గూడ లేదు. ఆడ ఐఐసీటీ ఉన్నది గదా, పెద్ద ప్రయోగశాల. దాని డైరెక్టరుగ ఎ.వి.రామారావు గారుండె, గుంటూరాయన. ఆయన మనుషులు ఏజెడ్‌టీని తక్కువ ఖర్చుతోని చేసే పద్ధతి కనిపెట్టిన్రు. బొంబాయి సిప్లా కంపెనీ యూసుఫ్ హమీద్ దాన్ని తీసుకొని 1993ల మన దేశంల మందు దించిండు. అప్పుడు మన చట్టం వేరే ఉండె. 1970 పేటెంట్ చట్టం మందుకు పేటెంటు ఇయ్యకుంటుండె, చేసే పద్ధతికే ఇచ్చేది. అందుకే మనోళ్లు వేరే తొవ్వల చేసుకోగలిగిన్రు. ఈ పని చేసినోళ్ల పేరు మన పిల్లగాండ్ల పుస్తకాలల్ల ఉండాలె అంట నేను.

కని తార్నాకల పుట్టిన మందు మన పండ్ల మార్కెట్ క్లీనరుకు దొరికిందా? దొరకలే. విదేశీ మందు ధరతోని పోలిస్తే మస్తు తక్కువనే. అయినా రోజుకూలీ చేసేటోడు బతికినన్ని దినాలు కొనుక్కోవాలె గదా, ఏడికెల్లి తెస్తడు? 1992ల ప్రపంచ బ్యాంకు అప్పుతోని న్యాకో, అంటే ఎయిడ్స్ పని చూసే సర్కారు సంస్థ, మొదలైంది. పైసలన్ని ప్రచారానికి, రక్తపరీక్షలకే పోయినయి. మందుకు కాదు. నీకు రోగమున్నదని చెప్పనీకి సర్కారు దగ్గర పైసలున్నయి, దానికి మందు ఇయ్యనీకి లెవ్వు. గట్ల చెప్పించుకున్న మనిషికి ఆ దవాఖాన మీద ఏం నమ్మకముంటది?

దవాఖానల ఎట్ల చూసేదో గూడ ఇను. పేరు చెప్పను. ఒక డ్రైవరు భార్య కాన్పుకు పోతే రక్తం చూసి, కేసు కాయిదం మీద ఎర్ర సిరతోని పెద్దగ రాసి మంచానికి కట్టిన్రు. ఆమెకు ఎవ్వలు చెప్పలే. పక్క మంచమామె చదివి చెప్పింది. అన్నం పళ్లెం కాలుతోని జరిపిన్రంట. ఆమె ఇంటికొచ్చినంక వాడకట్టంత ఎరుకైంది, ఇల్లుగలామె ఖాళీ చెయ్యమన్నది. ఆ తర్వాత ఏ సర్కారు నర్సు వచ్చినా ఆ పిల్ల తలుపు తియ్యలే. నేనే అడిగితే, "అన్నా, వాళ్లు నా రోగం చూసిన్రు, నన్ను చూడలే" అన్నది.

ఇగ ఆ సందుల నాటు డాక్టర్లు చొచ్చిన్రు. సిటీ బస్సుల, గోడల మీద, ఫలానా లాడ్జిల ఫలానా వారం, సుఖవ్యాధులకు గ్యారంటీ మందు. దిల్‌సుఖ్‌నగర్‌ల గూడ దిగేటోళ్లు. కేరళ నుంచి మందు వస్తదంటే ఎకరం అమ్మి పోయినోళ్లున్నరు. నమ్మిన్రంటె ఎందుకు నమ్మిన్రు? ఆ లాడ్జి డాక్టరు కుర్చీ ఏసి కూసోబెట్టి, చెయ్యి పట్టుకొని, తగ్గుతది అని చెప్పేటోడు. గోడలు మాత్రం మందు లేదని చెప్పేవి. సావు బతుకుల ఉన్నోడు ఎవరి మాట ఇంటడు?

పెద్ద సదువులోళ్లల్ల గూడ అప్పుడు పెద్ద పంచాయితి నడిచింది. రోగం బయటపడకముందే ఏజెడ్‌టీ మొదలుపెడితే మంచిదా కాదా అని. ఇంగ్లండు, ఐర్లండు, ఫ్రాన్సులల్ల 1,749 మంది మీద కాన్‌కార్డ్ అనే పరీక్ష చేసిన్రు. మూడేండ్లు చూసి 1993ల చెప్పిన్రు: ముందుగ మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలే అని. అది నిజమైన లెక్కనే. కని దాన్ని పట్టుకొని, చూసిన్రా మందంతా మోసమే అన్నోళ్లు లేచిన్రు. అసలు సంగతి ఏందంటే, ఒంటెద్దుతోని బండి గుట్ట ఎక్కది. ఒక్క మందే ఇస్తే వైరసు తన తీరు మార్చుకొని దానికి అలవాటు పడ్తది. 1996ల మూడు మందులు కలిపి ఇచ్చుడు మొదలైంది. వ్యాంకోవర్ సభల ఆ ముచ్చట చెప్పినప్పటికెల్లి, ధనిక దేశాలల్ల మంచాల మీదున్నోళ్లు లేచి నౌకర్లకు పోయిన్రు.

2001 ఫిబ్రవరిల హమీద్, ఏడాదికి 350 డాలర్లకు మూడు మందులు ఇస్త, అంటే రోజుకు డాలరు గూడ కాదు, అని ఎంఎస్ఎఫ్, సరిహద్దులు లేని డాక్టర్ల సంఘం, వాళ్లకు చెప్పిండు. అంతకుముందు అవే మందులు పది వేల డాలర్లు దాటుతుండె. ఎనుకనే మన హైదరాబాద్ కంపెనీలు దిగినయి. హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్. ఆఫ్రికల ఎంతో మంది మింగే గోలీ మన జీడిమెట్ల, పటాన్‌చెరు దిక్కు కంపెనీలోళ్ల పుణ్యమే.

అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంల ఎక్కువ రోగమున్న ఆరు రాష్ట్రాలల్ల ఒకటి. ఊరంత "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని బోర్డులు పెట్టిన్రు, మీ నాయినను అడుగు. జనం నోట్ల ఆ మాట మస్తు నానింది, పరీక్షలకు గూడ పోయిన్రు. కని భయపెట్టనీకి పెట్టిన ఖర్చుల సగం, మందుందని చెప్పనీకి పెడితే ఎంత మంచిగుండు!

2004 ఏప్రిల్ 1 నాడు దేశంల ఎనిమిది సర్కారు దవాఖానలల్ల ఉత్త మందు మొదలువెట్టిన్రు. మన ఉస్మానియా అండ్ల ఒకటి. నేను సంబురపడి షాపు కాడికి వచ్చినోళ్లకు చెప్పిన. ఒక హమాలి నా మొఖం దిక్కు చూసి ఏమన్నడో ఎరుకనా? "సేటు, పదేండ్ల సంది గోడ మీద మందు లేదని రాసింది వాళ్లే గదా. ఇప్పుడు ఉత్తగ ఇస్తమంటున్నరు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? మా మీద ప్రయోగం చేస్తున్నరా?" అన్నడు. ఆయనకు చదువు లేదు. కని అడిగిన దాంట్ల తప్పేమున్నది? పుర్రె బొమ్మ గీసినంత పెద్దగ మందు బొమ్మ ఎవ్వలు గీసిన్రు?

పోయినోళ్లకు గూడ సుఖం లేకుండె. అప్పుడు ఎక్కువ మందికి ఇచ్చింది స్టావుడిన్ ఉన్న గోలీ, అగ్గువది. పానం లేచొచ్చేది, బరువు పెరిగేది, నిజమే. కని కొన్నేండ్లకు చెంపలు లోపలికి పోయేది, చేతుల కొవ్వు కరిగి నరాలు తేలేది. నేను చెప్పిన ఆ డ్రైవరు భార్య నా కౌంటరు ముంగట నిలవడితే, గాజులు మోచెయ్యి దాక జారి మళ్ల కిందికి వచ్చేవి. పాదాలు మండుతున్నయని చెప్పులు విడిచి సల్లటి బండ మీద నిలవడేది. "మొఖం చూసే గుర్తువడ్తున్నరన్నా" అని ఏడ్చింది. మందు ఆపేస్త అన్నది. 2009ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు తీసెయ్యిండ్రి అన్నది, ఆ తర్వాత మెల్లగ మన దేశంల గూడ తీసేసిన్రు. ధనిక దేశాలు అంతకు ఎంతో ముందే ఇడిచిపెట్టినయి. ఆ పిల్ల నొప్పి అబద్ధం కాదు. ఆమెను మూర్ఖురాలన్న డాక్టర్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

రోగమున్నోళ్లు ఎంత మందనే లెక్కల మీద గూడ లొల్లి అయింది. మన రాజ్‌భవన్ రోడ్డుల అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఉన్నది, ఆడి లలిత్ దండోనా గారి బృందం గుంటూరు జిల్లాల ఇంటింటికి పోయి రక్తం పట్టి చూసింది. సర్కారు లెక్క అసలు కంటె రెండింతలకు పైన ఉన్నదని 2006ల తేలింది. మరుసటేడు దేశం లెక్క 50 లక్షల పైనుంచి 25 లక్షలకు దిగింది. తప్పును ఒప్పుకొని సరిచేసుడు మంచిదే. కని టీ కొట్టు కాడ కూసున్నోళ్లు, చూసిన్రా, రోగమే లేదు, అంతా మందుల కంపెనీల ఆట అన్నరు. ఆ మాట ఎంత చెడ్డదో దక్షిణాఫ్రికల చూడాలె. ఆడి ప్రెసిడెంటు థాబో ఎంబెకి, వైరసుతోని ఎయిడ్స్ రాదన్నోళ్ల మాటలు ఇని, మందు రానియ్యలే. ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ తినుమన్నది. ఆ కొన్నేండ్లల్ల 3 లక్షల 30 వేల మంది ఊరికెనే పోయిన్రని హార్వర్డోళ్లు తర్వాత లెక్క కట్టిన్రు. ఆడ అనుమానపడ్డది రోగులు కాదు బిడ్డా, గద్దె మీదున్నోళ్లు. రోగులు మందు కావాలని కోర్టుకు పోయి 2002ల గెలిచిన్రు.

మరి ఈడ జనం ఎట్ల మారిన్రు అంటవా? పోస్టర్లతోని కాదు. ఆ గోలీ మింగి బతికినోళ్లే మారిపిచ్చిన్రు. పాజిటివ్ నెట్‌వర్కోళ్లు దవాఖాన వరండల కుర్చీ ఏసుకొని కూసొని, వచ్చినోనికి తన గోలీ డబ్బా చూపించేది. నాకు గూడ మొదటి నెల కండ్లు తిరిగినయి, ఒంటి మీద దద్దు వస్తే డాక్టరుకు చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు అని చెప్పేది. కష్టముంటదని ముందే చెప్పిన్రు చూడు, అందుకే నమ్మిన్రు. ఆ డ్రైవరు భార్య మందు ఆపకుంట, మార్పిచ్చుకున్నది గూడ అసుంటి ఒక అక్క మాట మీదనే.

ఇంకొక బాధ సీడీ4 లెక్క, అంటే రక్తంల రోగంతోని కొట్లాడే కణాల లెక్క. మొదట్ల 200 కంటె తక్కువుంటెనే మందు. నీకు ఇంక టైమున్నది, పోయి మళ్ల రా అని పంపేది. కొందరు వచ్చేసరికి టీబీ తోని వచ్చేది, కొందరు రానే రాలేదు. తర్వాత 350 అన్నరు, 500 అన్నరు. 2015ల స్టార్ట్ అనే పెద్ద పరీక్ష, ఎంత ముందు మొదలువెడితే అంత మంచిదని తేల్చింది. 2017ల మన దేశం గూడ ఎవరికి తేలితే వాళ్లకు వెంటనే మందు అన్నది. అదే ఏడు చట్టం గూడ వచ్చింది. రోగం పేరు చెప్పి నౌకరి తీసుడు, ఇల్లు ఖాళీ చేపిచ్చుడు, అడగకుంట రక్తం చూసుడు తప్పని రాసిన్రు. ఎర్ర సిర కాయిదం నాటికి అది ఉంటె ఎంత బాగుండె!

ఇప్పుడు రోజుకు ఒక్కటే గోలీ, డోలుటెగ్రవిర్ ఉన్నది. 2022 జులైల దాని స్టాకు తక్కువైందని రోగులు ఢిల్లీల న్యాకో ఆఫీసు ముంగట నెల దాటి కూసున్నరు. మా గోలీ ఏది, ఎప్పుడు వస్తది, కాయిదం మీద రాసియ్యిండ్రి అని అడిగిన్రు.