కుక్క చెవిలోని వంపు

కుక్క తోక వంకర అన్న సంగతి మన భాషలో సామెతకెక్కినది. కుక్క చెవి కూడ లోపల వంకరయే అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. తోక వంకర వలన ఎవరికీ నష్టము లేదు. చెవిలోని వంపు సంగతి తెలియకనో, దాని చివర నున్న పొర సంగతి మరచియో శుభ్రం చేయబోయి, పెంచుకొన్న కుక్కకు చెవుడు తెచ్చిన సందర్భములు కలవు.

మన చెవి రంధ్రము సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుతో ఇంచుమించు తిన్నగా లోనికి పోయి కర్ణభేరి వద్ద ముగియును. కుక్క చెవి నాళము అట్లు కాదు. అది మొదట నిలువుగా క్రిందికి దిగి, తరువాత పక్కకు మళ్ళి, అటుపిమ్మట కర్ణభేరిని చేరును. జాతిని బట్టి దీని పొడవు 5 నుండి 10 సెంటీమీటర్ల వరకు ఉండును. పై నుండి చూచేవారికి నిలువు భాగము మాత్రమే కనిపించును. వంపుకు అవతల ఏమున్నదో, కర్ణభేరి చెక్కుచెదరక ఉన్నదో లేదో ఇంటివారి కంటికి తెలియదు. కుక్క చెవి వైద్య చరిత్ర అంతయు, ఒక విధముగా, ఈ కనబడని భాగమును గూర్చి మనుష్యుడు నేర్చుకొన్న పాఠముల చరిత్రయే. ఇంటిలో చెవి శుభ్రం చేయుటను గూర్చి నేటి పశువైద్యులు చెప్పే నియమములకు మూలము ఈ చరిత్రలోనే ఉన్నది.

రోమను రైతు చూచిన చెవి

క్రీస్తు శకము మొదటి శతాబ్దములో కొలుమెల్లా అను రోమను రచయిత వ్యవసాయమును గూర్చి పన్నెండు భాగముల గ్రంథము వ్రాసినాడు. అందు ఏడవ భాగములో కాపలా కుక్కల పోషణ కూడ చెప్పబడినది. వేసవిలో ఈగలు కుట్టి కుక్కల చెవులు పుండ్లు పడుననియు, ఒక్కొక్కప్పుడు చెవులే ఊడిపోవుననియు ఆయన గమనించినాడు. నివారణకు చేదు బాదము పప్పు నూరి చెవులకు రుద్దమన్నాడు. పుండు పడిన తరువాత తారును పంది కొవ్వుతో కలిపి వేయమన్నాడు. ఆ మందు తగిలిన పిడుదులు వాటంతట అవే రాలును, చేతితో పెరకవద్దు అని కూడ హెచ్చరించినాడు.

ఇందులో ఒక విశేషము గమనింపదగినది. ఆయన దృష్టి అంతయు చెవి డొప్ప మీదనే ఉన్నది. కంటికి కనిపించిన దానికి కంటికి కనిపించిన వైద్యము! నాళము లోపలి సంగతి ఆనాటి రైతుకు అక్కరలేకపోయినది.

అన్నిటికి ఒకటే పేరు

పందొమ్మిదవ శతాబ్దము నాటికి ఇంగ్లండులో వేటకుక్కలను, ఇంటి కుక్కలను పెంచుట మిక్కిలి పెరిగినది. 1817లో డెలబీర్ బ్లేన్, 1845లో విలియం యూవాట్ కుక్కల వ్యాధులను గూర్చి గ్రంథములు ప్రకటించినారు. చెవి దురద, దుర్వాసన, చీము, నొప్పి వీటినన్నింటిని కలిపి ఆ కాలమువారు ‘కాంకర్’ అని ఒకే పేరుతో పిలిచేవారు. పేరు ఒకటి గనుక కారణము కూడ ఒకటే అన్న భ్రమ కలిగెడిది. అతిగా తిండి పెట్టుట వలన రక్తము చెడి ఈ జబ్బు వచ్చునని పలువురు నమ్మినారు. పటిక నీరు, సీసపు లవణముల నీరు చెవిలో పోసేవారు. సీసము విషమని మనకు నేడు తెలియును.

అయినను వారి పరిశీలన వ్యర్థము కాలేదు. నీళ్ళలో దిగే కుక్కలకు ఈ బాధ ఎక్కువ అని వారు గుర్తించినారు. తడి చేరిన నాళము త్వరగా ఆరదు. చెవులు వ్రేలాడే జాతులలో గాలి సోకుట మరింత తక్కువ. స్నానము తరువాత కుక్క చెవులను పొడిగా తుడవవలెనన్న నేటి నియమము ఈ పరిశీలనకు దగ్గరి చుట్టమే.

సూక్ష్మదర్శిని చూపినది

యూవాట్ గ్రంథము వెలువడుటకు ఏడేండ్లు ముందే, 1838లో, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరపు పశువైద్యాచార్యుడు ఎడ్వర్డ్ హెరింగ్ కుక్క చెవిలో నివసించే ఒక సూక్ష్మమైన పురుగును వర్ణించినాడు. గుర్రపు శరీరములో రక్తము ఒక చుట్టు తిరిగి వచ్చుటకు ఎంత కాలము పట్టునో కొలిచిన శాస్త్రజ్ఞుడు ఈయనయే. ఆ పురుగు పిడుదుకు, సాలీడుకు బంధువు. నేడు దాని శాస్త్రీయ నామము ఓటోడెక్టిస్ సైనోటిస్. ఈ గ్రీకు మాటలకు ‘చెవిని కరచునది, కుక్క చెవిది’ అని స్థూలముగా అర్థము. ఇది చర్మమును తొలుచుకొని లోనికి పోదు. చర్మము మీదనే తిరుగుచు బ్రతుకును. ఇది చేరిన చెవిలో కాఫీపొడి వంటి నల్లని మడ్డి కనిపించును.

ఈ పురుగు పిల్లులలో కూడ ఉండును. రాబర్ట్ లోపెజ్ అను అమెరికను పశువైద్యుడు పిల్లి చెవి నుండి తీసిన పురుగులను తన చెవిలోనే వేసుకొని చూచినాడు. గీకుచున్న శబ్దమును, భరింపరాని దురదను అనుభవించి, రాత్రివేళ వాటి సంచారము ఎక్కువ అని గుర్తించినాడు. 1993లో ఆయన ఈ అనుభవమును ప్రకటించగా, 1994లో నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమానము లభించినది. నవ్వు సంగతి అట్లుంచి, మూగజీవి తల విదిలించునపుడు దాని చెవిలో ఎంత బాధ ఉండునో మానవ భాషలో చెప్పినవాడు ఈయన.

పురుగు దొరికినది గనుక సమస్య తీరినదా? తీరలేదు. పురుగు లేని చెవులు కూడ చీము పట్టుచుండెను. 1925లో అమెరికాలోని వైడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు చర్మవ్యాధితో బాధపడుచున్న ఒక భారతీయ ఖడ్గమృగము చర్మము నుండి ఒక ఈస్టును వేరు చేసినాడు. దళసరి చర్మముగల జంతువు పేరనే దానికి ‘పాకిడెర్మాటిస్’ అను పేరు వచ్చినది. 1955లో స్వీడను దేశపు గుస్టాఫ్‌సన్ జబ్బు చేసిన కుక్క చెవులను పరీక్షించి అందులో ఒక ఈస్టును వర్ణించినాడు. అది ఖడ్గమృగము మీద దొరికిన ఈస్టే అని తరువాత తేలినది. ఆరోగ్యముగా ఉన్న కుక్కల చెవులలో కూడ ఈ ఈస్టు కొద్దిగా ఉండును! చెవి తడిసి, వాచి, మడ్డి పేరుకొన్నప్పుడు అది విపరీతముగా పెరుగును. అనగా శత్రువు బయటినుండి వచ్చినవాడు కాడు, ఇంటిలో అద్దెకున్నవాడే.

1988లో అమెరికను పశువైద్యుడు జాన్ ఆగస్ట్ ఈ సంగతులన్నింటిని క్రమపరచినాడు. వ్యాధికి అనువు కల్పించేవి కొన్ని: చెవి ఆకారము, తడి వంటివి. వ్యాధిని ఆరంభించేవి కొన్ని: పురుగు, చర్మపు అలర్జీ వంటివి. ఆరంభమైన దానిని సాగదీసేవి కొన్ని: బాక్టీరియా, ఈస్టు వంటివి. ‘కాంకర్’ అను ఒక్క మాట వెనుక ఇన్ని కారణములు దాగి ఉన్నవి. పోయిన నెల ఒక కుక్కకు పనిచేసిన మందు ఈ నెల మరొక కుక్కకు పనిచేయకపోవుటకు హేతువు ఇదే.

తనను తాను ఊడ్చుకొనే చెవి

1923లో అమెరికాలో స్థిరపడిన లియో గెర్స్టెన్‌జాంగ్ అను పోలండు దేశీయుడు పుల్ల చివర దూది చుట్టిన సాధనమును విపణిలోకి తెచ్చినాడు. భార్య పుల్లకు దూది చుట్టి బిడ్డను తుడుచుట చూచి ఆయనకు ఈ ఊహ తట్టినదని ప్రతీతి. చెవులు శుభ్రం చేయుటకు జనులు దీనిని విరివిగా వాడినారు. కాని చెవి రంధ్రములోనికి దూర్చరాదను హెచ్చరికను 1970వ దశకములో ఆ పెట్టెల మీదనే ముద్రింపవలసి వచ్చినది.

ఎందుకు? దీనిని తరగతిలో చూపవచ్చును. ఒక రబ్బరు గొట్టమును వంచి, అడుగు మూతికి పలుచని కాగితము కట్టి, లోపల తడి మట్టి కొంచెము వేయవలెను. దూది చుట్టిన పుల్లతో దానిని బయటికి తీయుడని విద్యార్థులకు చెప్పవలెను. పుల్లకు అంటినది కొద్దిపాటి. మిగిలినది వంపు వైపుకు కూరుకొనిపోవును. మరి కొంచెము బలముగా నెట్టినచో కాగితము చిరుగును. ఆ కాగితము స్థానములో కర్ణభేరిని ఊహించుకొన్న చాలును.

మరి పుల్ల లేనిదే మడ్డి బయటికి వచ్చుట ఎట్లు? ప్రకృతి ఇందుకు చక్కని ఏర్పాటు చేసినది. 1964లో ఆల్బెర్టి అను వైద్యుడు మానవ కర్ణభేరి మీద సిరా చుక్కలు పెట్టి కనిపెట్టి చూడగా, అవి రోజులు గడిచినకొద్దీ మెల్లమెల్లగా అంచువైపు జరుగుచున్నట్లు తేలినది. చుక్కలు కదలలేదు, వాటిని మోసే పై చర్మమే కదలినది. 2011లో అమెరికను పరిశోధకులు కుక్కల కర్ణభేరి మీద కూడ ఇట్లే సిరా చుక్కలు పెట్టి ఇదే కదలికను చూచినారు. ఆ చర్మము గుబిలిని, దుమ్మును, రాలిన పొట్టును మోసికొని బయటి ద్వారము వైపు సాగును. ఆరోగ్యముగా ఉన్న చెవి తనను తానే ఊడ్చుకొనును. మాటిమాటికి కడిగినచో ఈ చర్మము నాని, ఒరసుకొని, తన పని చేయలేకపోవును.

మందే విషమైన వేళ

మిగిలిన పాఠము అన్నింటికంటె ముఖ్యమైనది. 1943లో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిన్ క్షయకు అమృతమువలె పనిచేసినను, లోపలి చెవిని దెబ్బతీయగలదని కొద్ది ఏండ్లలోనే బయటపడినది. 1971లో ఇంగ్లండు వైద్యుడు బిక్‌నెల్ మరొక సంగతి ప్రకటించినాడు. కర్ణభేరి శస్త్రచికిత్సకు ముందు చర్మమును క్లోర్‌హెక్సిడిన్ అను క్రిమిసంహారిణితో శుద్ధి చేసిన రోగులలో కొందరికి చెవుడు వచ్చినది. చర్మమునకు మేలు చేసిన ద్రవము, చిల్లుపడిన కర్ణభేరిని దాటి లోనికి పోగా, వినికిడి కణములకు విషమైనది.

రోగి మనుష్యుడైతే వినబడుట లేదని చెప్పును. కుక్క ఎట్లు చెప్పగలదు? అందుచేతనే పశువైద్యుడు చెవి డొప్పను పైకి, బయటికి లాగి వంపును సరిచేసి, దీపము గల ఓటోస్కోపుతో మొదట కర్ణభేరిని చూడ యత్నించును. ద్రవము పోయుట తరువాతి పని.

ఇంటిలో చేయదగినది

ఇక నియమములు చెప్పుట సులభము. చెవి ఎర్రబడినను, వాచినను, దుర్వాసన, చీము, నల్లని మడ్డి ఉన్నను, కుక్క తలను ఒక పక్కకు వంచినను, ముట్టుకొన్న మూలిగినను ఇంటిలో ఏమియు పోయరాదు. వైద్యునికి చూపవలెను. మన ఇండ్లలో చెవిపోటుకు నూనె చుక్కలు వేసే అలవాటు కలదు. దానిని కుక్కకు వర్తింపజేయరాదు. స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు, కిరసనాయిలు, వెనుకటి జబ్బులో మిగిలిన మందు కూడ పనికిరావు.

చెవి ఆరోగ్యముగా ఉండి కొద్దిగా మురికి కనిపించినచో, వైద్యుడు చెప్పిన, కుక్కల చెవికై తయారైన ద్రవమును గది వేడికి తెచ్చుకొని వాడవచ్చును. చల్లని ద్రవము కుక్కకు తల తిప్పును. డొప్పను మెల్లగా పైకెత్తి, సీసా మూతి చెవికి తగలకుండ ద్రవమును పోసి, చెవి మొదట అర నిమిషము పాటు మృదువుగా మర్దించవలెను. పిదప కుక్కను విడిచి దూరముగా నిలువవలెను. అది తల విదిలించి లోపలి మడ్డిని వంపు దాటించి పైకి తెచ్చును. ఆ పని మన చేతికి రాదు. పైకి వచ్చిన దానిని వ్రేలికి చుట్టిన దూదితో, వ్రేలు సులభముగా అందినంత మేరకే తుడిచి, ఇష్టమైన తినుబండారము ఒకటి పెట్టవలెను. తరువాత కుక్క తూలినను, పిలుపుకు పలుకకున్నను ఆలస్యము చేయక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

ఎన్నాళ్ళకొకసారి శుభ్రం చేయవలెను అని పలువురు అడుగుదురు. అన్ని కుక్కలకు వర్తించే లెక్క లేదు. వారమునకొకసారి చెవి ఎత్తి చూచుట, వాసన చూచుట మంచి అలవాటు. చూచిన చెవి శుభ్రముగా ఉన్నచో ఆ వారమునకు సీసా మూత తీయనక్కరలేదు.