రెండు వారసత్వాలు, ఒకే ధర్మాసనం

అన్నవరం రత్నగిరి మీద సత్యనారాయణ స్వామి ప్రతిష్ఠ 1891లో జరిగింది. గోర్స, కిర్లంపూడి జమీందారు ఇనుగంటి వెంకట రామనారాయణిం చొరవతో లేచిన గుడి అది. అలాంటి గుళ్లలో ధర్మకర్తృత్వం కట్టించినవారి వంశానికి దక్కేది. చాలాచోట్ల అర్చకత్వమూ అంతే, తండ్రి నుంచి కొడుక్కి. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల ఆధారంగా 1987లో వచ్చిన దేవాదాయ చట్టం ఈ రెండు వారసత్వాలనూ రద్దు చేసింది. 16వ సెక్షన్ ధర్మకర్తలది, 34వది అర్చకులది.

రెండు వివాదాలూ సుప్రీంకోర్టులో ఒకే ధర్మాసనం ముందుకు వచ్చాయి. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ బి.ఎల్. హన్సారియా. రామస్వామి తెలుగువారు, ఆ కోర్టు మెట్లెక్కిన తొలి కొద్దిమంది దళిత న్యాయమూర్తుల్లో ఒకరు. తిరుమల మిరాసీ అర్చకులు వేసిన నారాయణ దీక్షితులు కేసులో 1996 మార్చిలో తీర్పు వచ్చింది: పూజ చేయడం మతకార్యమే గాని అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారం, కాబట్టి వంశహక్కు రద్దు చెల్లుతుంది. దళితుడు కాబట్టే అలా రాశాడని సరిపెట్టుకోవడం తేలిక.

అయితే అదే ఏడాది జనవరిలో, పన్నాలాల్ బన్సీలాల్ పిట్టీ కేసులో, ఇదే ఇద్దరూ వంశపారంపర్య ధర్మకర్తృత్వం రద్దును సమర్థిస్తూనే, గుడి కట్టించిన కుటుంబానికి పాలకమండలి అధ్యక్షత ఇవ్వడం సబబన్నారు. ఆస్తి ధారపోసినవారికి గుడి మాది అన్న భావం ఉండాలన్నది అక్కడి తర్కం. పుట్టుకే తీర్పు రాసేదైతే జమీందారీ కుటుంబాలకు ఆ మాత్రం మన్నన ఎందుకు దక్కింది? పైగా అర్చకుల విషయంలో దారి రామస్వామి వేసింది కాదు. 1972లోనే శేషమ్మాళ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు తమిళనాడు చట్టాన్ని సమర్థిస్తూ అర్చక నియామకం లౌకికమన్న మాటే చెప్పారు.

అలాగని న్యాయమూర్తి జీవితానుభవానికి తీర్పులో చోటే లేదని నేననను. నారాయణ దీక్షితులు తీర్పులో ధర్మానికీ మతానికీ తేడా మీద సాగిన సుదీర్ఘ చర్చ, 1997లో రిటైరవబోతూ అనంతగిరి గిరిజన భూముల గనుల లీజులపై ఇచ్చిన సమత తీర్పు, ఏ ప్రశ్న దగ్గర ఆయన ఆగిపోయేవారో చెబుతాయి. ప్రశ్న ఎక్కడినుంచైనా రావచ్చు, జవాబు మాత్రం చట్టంలోంచి చూపించాలి. సమతలో జస్టిస్ జి.బి. పట్నాయక్ భిన్నాభిప్రాయం రాయగలిగారంటే తర్కం కాగితం మీద కనబడుతోందన్నమాట.

నిజానికి పుట్టుకకు ఎంత విలువన్న ప్రశ్న రత్నగిరికి కొత్తది కాదు. గొల్లలిచ్చిన ప్రసాదం తీసుకోని తుంగధ్వజ మహారాజు కొడుకుల్నీ సంపదనూ పోగొట్టుకున్న కథ వ్రత మండపాల్లో రోజూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ కొండ మీద పాలకమండలికి వ్యవస్థాపక కుటుంబ సభ్యుడే అధ్యక్షుడు. అర్చక కుటుంబాలకు మాత్రం 2007లో శాసనసభ చట్టాన్ని సవరించి కొంత హక్కు తిరిగి ఇచ్చింది.